డయాబ్లో (వీడియో ఆటల శ్రేణి)

డయాబ్లో అమెరికాకు చెందిన బ్లిజార్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ వెలువరించిన సుప్రసిద్ధ కంప్యూటరు ఆటల శ్రేణి. దీని మొదటి భాగం 1996 సంవత్సరాంతంలో విడుదలయింది. రెండవ భాగం 2000లోను, మూడవ భాగం 2012లోను, నాలుగవ భాగం 2023లోను వచ్చాయి. ఇవి యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్ అనే ప్రక్రియకు చెందినవి. ఈ ప్రక్రియలో ఆటగాడు ఒక వీరుని పాత్ర ధరించి రాక్షసులతో పోరాడతాడు. చచ్చిన రాక్షసుల నుండి రాలిన ఆయుధాలను, కవచాలను, ఉంగరాలను ఏరుకొంటాడు. వాటి బలంతో అంతకంటే బలవంతులైన రాక్షసులను ఎదుర్కొంటాడు.

ఈ ఆటలలో కథ ముగిసినా ఆట ముగియదు. 2000లో వచ్చిన రెండవ భాగాన్ని పాతికేళ్ళ తరువాత కూడా ఆడేవారున్నారు. ఇంతటి దీర్ఘకాలిక ఆకర్షణకు గల కారణాలు, దానివలన కలిగే చిక్కులు, ఈ ప్రక్రియతో హైదరాబాదుకు గల సంబంధం ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

పేరు, పరిభాష

డయాబ్లో అనగా స్పానిష్ భాషలో సైతాను. కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇదే పేరు గల పర్వతం ఒకటి ఉంది. ఆట రూపకర్తలలో ముఖ్యుడైన డేవిడ్ బ్రెవిక్ ఆ పర్వత ప్రాంతంలో నివసించిన కాలంలో ఆ పేరును తన ఆటకు ఎంచుకొన్నాడు.

ఆటలో రాక్షసుల నుండి రాలే వస్తువులను ఆటగాళ్ళు లూట్ అంటారు. ఇది మన దేశపు మాటే. సంస్కృత ధాతువు నుండి హిందీకి, హిందీ నుండి ఆంగ్లేయుల పాలనాకాలంలో ఆంగ్లానికి చేరింది. తెలుగులో వాడుకలో ఉన్న లూటీ అనే మాట దీనికి సోదరి. కొల్లసొమ్ము అనేది దీనికి దగ్గరి తెలుగు పదం.

చరిత్ర

1980లో అమెరికా విశ్వవిద్యాలయ విద్యార్థులు రూపొందించిన రోగ్ అనే ఆట ఈ ప్రక్రియకు మూలపురుషుని వంటిది. అందులో బొమ్మలు ఉండేవి కావు. అక్షరాలు, గుర్తులతోనే నేలమాళిగను చూపేవారు. ఆడిన ప్రతిసారీ ఆ నేలమాళిగ కొత్తగా అమరేది. వీరుడు మరణిస్తే మళ్ళీ మొదటి నుండి ఆడవలసిందే. ఈ మార్గంలోనే మోరియా, ఆంగ్‌బాండ్ అనే ఆటలు వచ్చాయి. బ్రెవిక్ వీటిని ఇష్టంగా ఆడేవాడు.

1993లో బ్రెవిక్, సోదరులైన మాక్స్ షేఫర్, ఎరిక్ షేఫర్ కలిసి కాండార్ అనే చిన్న సంస్థను స్థాపించారు. డయాబ్లోను మొదట వంతులవారీ ఆటగా, అంటే చదరంగంలో వలె ఒక ఎత్తు ఆటగాడిది, తరువాతి ఎత్తు రాక్షసునిది అన్న పద్ధతిలో తలపెట్టారు. పోరాటం ఆగకుండా సాగితే బాగుంటుందని బ్లిజార్డ్ వారు సూచించారు. మొదట ఒప్పుకొనని బ్రెవిక్ ఒక మధ్యాహ్నం కూర్చొని ప్రోగ్రాములో ఆ మార్పు చేసి చూశాడు. మౌసు నొక్కగానే వీరుడు నడిచి వెళ్ళి ఎముకల గూడును ఒక్క దెబ్బతో కూల్చాడు. ఆ క్షణంలోనే ఆట అసలు స్వరూపం తనకు తెలిసిందని బ్రెవిక్ 2016లో ఒక ప్రసంగంలో చెప్పాడు. 1996లో కాండార్‌ను బ్లిజార్డ్ కొనుగోలు చేయగా అది బ్లిజార్డ్ నార్త్ అయింది.

మొదటి భాగంతో పాటే బ్యాటిల్.నెట్ అనే అంతర్జాల సేవ ప్రారంభమయింది. వేర్వేరు ఊళ్ళలోని వారు కలిసి ఆడే వీలు దీనివలన కలిగింది. 2000 జూన్ చివర విడుదలయిన రెండవ భాగం మొదటి రెండు వారాలలోనే పది లక్షల ప్రతులు అమ్ముడయింది. 2001లో దీనికి లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్ అనే అనుబంధం వచ్చింది. 2003లో బ్రెవిక్, షేఫర్ సోదరులు సంస్థను వీడారు. 2005లో బ్లిజార్డ్ నార్త్ మూతపడింది. తరువాతి భాగాలను కాలిఫోర్నియాలోని ఇర్వైన్ పట్టణంలో గల బ్లిజార్డ్ ప్రధాన కేంద్రం చేపట్టింది.

మూడవ భాగం 2012 మే 15న విడుదలయి తొలి 24 గంటలలో 35 లక్షల ప్రతులు అమ్ముడయింది. 2021 సెప్టెంబరులో రెండవ భాగాన్ని కొత్త చిత్రాలతో పునర్ముద్రించారు. ఇందులో ఒక మీట నొక్కితే కొత్త చిత్రాలు తొలగి 2000 నాటి పాత బొమ్మలు కనిపిస్తాయి. పైపూత మాత్రమే మారి, లోపలి లెక్కలు పాతవే ఉన్నాయని దీనివలన తెలుస్తుంది. 2022లో చరవాణి కొరకు డయాబ్లో ఇమ్మోర్టల్ వచ్చింది. 2023 జూన్‌లో వచ్చిన నాలుగవ భాగం తొలి ఐదు రోజులలో 66.6 కోట్ల డాలర్ల అమ్మకాలు సాధించినట్లు సంస్థ ప్రకటించింది.

ఆట విధానం

మొదటి భాగం ట్రిస్ట్రమ్ అనే పల్లెలో జరుగుతుంది. ఆ పల్లెలోని పాడుబడిన ప్రార్థనా మందిరం కింద 16 అంతస్తుల నేలమాళిగ ఉంటుంది. పై అంతస్తులు మందిరంలా, తరువాతివి సమాధులలా, ఆపైన గుహలలా, చివరివి నరకంలా ఉంటాయి. ఆటగాడు యోధుడు, విలుకత్తె, మాంత్రికుడు అనే మూడు పాత్రలలో ఒకదానిని ఎంచుకొని దిగువకు దిగుతాడు. గాయపడినప్పుడు పైకి వచ్చి, దొరికినవి అమ్మి, కావలసినవి కొని, మళ్ళీ దిగుతాడు. ఈ దిగటం, ఎక్కటమే ఆటకు ఊపిరి.

వస్తువుల అమరిక ఈ శ్రేణిలో ప్రత్యేకమైనది. ఒక కత్తి రాలినప్పుడు కంప్యూటరు దాని పేరుకు ముందు ఒక విశేషణాన్ని, వెనుక మరొక విశేషణాన్ని తగిలిస్తుంది. ఒక్కొక్క విశేషణానికి ఒక్కొక్క గుణం ఉంటుంది. తెలుగు వ్యాకరణంలో ఒకే ధాతువుకు వేర్వేరు ప్రత్యయాలు చేరి వేర్వేరు పదాలు ఏర్పడినట్లే, కొద్దిపాటి మూలవస్తువుల నుండి లెక్కకు మిక్కిలి వస్తువులు పుడతాయి. రెండవ భాగంలో మామూలు వస్తువు పేరు తెలుపు రంగులోను, మాయావస్తువు నీలంలోను, అరుదైనది పసుపులోను, ఒక జట్టుకు చెందినది ఆకుపచ్చలోను, విశిష్టమైనది ముదురు బంగారు రంగులోను కనిపిస్తాయి. కొంతకాలం ఆడిన వారికి అక్షరాలు చదవనక్కరలేదు. నేలపై రంగు కనబడగానే గుండె వేగం పెరుగుతుంది.

ఆకర్షణకు కారణాలు

యాదృచ్ఛికత

ఈ ఆటలలో ప్రదేశాలు చాలావరకు ముందుగా గీసి పెట్టినవి కావు. కంప్యూటరు కొన్ని నియమాలకు లోబడి యాదృచ్ఛిక సంఖ్యల సహాయంతో వాటిని అప్పటికప్పుడు అల్లుతుంది. రాక్షసుని నుండి ఏమి రాలాలన్నది కూడా అట్టి సంఖ్యయే నిర్ణయిస్తుంది. అందువలన వందవసారి ఆడినా ఏమి ఎదురవుతుందో పూర్తిగా తెలియదు. పోరాటంలో నేర్పు ఆటగాడిది, ప్రాప్తం కంప్యూటరుది.

సంభావ్యత లెక్క

ఒక అరుదైన ఉంగరం సగటున 100 మంది రాక్షసులలో ఒకరి నుండి రాలుతుందని అనుకొందాము. 100 మందిని చంపితే అది దొరికి తీరుతుందని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటు. ఒకసారి దొరకకపోయే సంభావ్యత 0.99. వరుసగా 100 సార్లూ దొరకకపోయే సంభావ్యత 0.99ను తనతో తాను 100 సార్లు గుణించగా వచ్చే విలువ, అనగా సుమారు 0.37. అంటే నూరేసి మంది రాక్షసులను చంపిన 100 మంది ఆటగాళ్ళలో దాదాపు 37 మంది వట్టిచేతులతో మిగులుతారు. 300 మందిని చంపిన తరువాత కూడా ప్రతి 100 మంది ఆటగాళ్ళలో ఐదుగురికి ఉంగరం దొరకదు.

మరొక విశేషమేమంటే, 300 సార్లు విఫలుడైన వానికి 301వసారి అదృష్టం పెరగదు. అప్పుడు కూడా సంభావ్యత నూటికి ఒకటే. పాచికలకు జ్ఞాపకశక్తి ఉండదు. మనసు మాత్రం ఇన్నిసార్లు రాలేదు కనుక ఇప్పుడు తప్పక వస్తుందని నమ్ముతుంది.

జట్టు వస్తువుల సంగతి ఇంకా చిత్రమైనది. ఒక జట్టులో 6 వస్తువులు ఉండి, ప్రతిసారీ వాటిలో ఏదో ఒకటి సమాన అవకాశంతో దొరుకుతుందని అనుకొంటే, ఆరింటినీ సేకరించటానికి సగటున 14.7 సార్లు ప్రయత్నించాలి. అందులో మొదటి వస్తువుకు ఒక ప్రయత్నం చాలు. చిట్టచివరి వస్తువు ఒక్కదానికే సగటున 6 ప్రయత్నాలు పడతాయి. గమ్యం దగ్గర పడినకొద్దీ దారి పొడవవుతుంది. ఇంకొక్కటి దొరికితే చాలుననే స్థితిలోనే ఆటగాడు ఎక్కువ కాలం గడుపుతాడు.

మనస్తత్వ శాస్త్ర వివరణ

అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో ప్రచురించిన గ్రంథంలో, ప్రతిఫలం ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడు ప్రాణుల ప్రవర్తన ఎలా ఉంటుందో వివరించాడు. మీట నొక్కిన ప్రతిసారీ గింజ వస్తే, గింజలు ఆగిన కొద్దిసేపటికే పావురం నొక్కటం మానుతుంది. ఎన్నిసార్లు నొక్కితే వస్తుందో తెలియని చోట చాలాసేపు నొక్కుతూనే ఉంటుంది. లాటరీ, జూదం వంటివాటి పట్టు కూడా ఇటువంటిదే.

అయితే ఈ ఒక్క కారణమే చాలదు. జూదంలో గెలిచిన రూపాయికీ, ఓడిన రూపాయికీ గుణభేదం లేదు. డయాబ్లోలో దొరికిన వస్తువు ఆట తీరునే మార్చగలదు. ఒక గద దొరికినందువలన ఆటగాడు అప్పటివరకు అనుసరించిన యుద్ధరీతిని విడిచి మరొకటి పట్టవచ్చు. ఏ వస్తువును ఏ విద్యతో జోడిస్తే ఎంత ఫలితమో లెక్కలు కట్టటం, ఆ లెక్కలను తోటివారితో చర్చించటం ఈ ఆటలో పెద్ద భాగం.

జానపద కథలతో పోలిక

నేల కిందికి దిగి, గండాలు గడచి, మహిమగల వస్తువును సాధించటం తెలుగువారికి కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలలో ఇటువంటి సాహసాలు అనేకం కలవు. కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1951లో విజయా సంస్థ నిర్మించిన పాతాళ భైరవి చిత్రంలో తోటరాముడు గుహలోకి ప్రవేశించి, కోరిన కోర్కెలు తీర్చే దేవి ప్రతిమను సాధిస్తాడు. కథకూ, ఆటకూ ఒక భేదం ఉంది. కథలో నిధి ఒకేసారి దొరుకుతుంది, దానితో వీరుని కష్టాలు గట్టెక్కే దారి తెరుచుకొంటుంది. డయాబ్లోలో నిధి దొరికిన మరుక్షణం అంతకంటే గొప్ప నిధి ఎక్కడో ఉందన్న ఊహ మొదలవుతుంది.

వేలంశాల ఉదంతం

ఆటగాళ్ళు కోరేది వస్తువునా, లేక వస్తువు దొరకటాన్నా అనే ప్రశ్నకు మూడవ భాగం అనుకోకుండా ఒక పరీక్ష పెట్టింది.

రెండవ భాగంలో ఆటగాళ్ళు వస్తువులను మార్చుకొనేవారు. ఆటలోని బంగారు నాణేలు సులభంగా దొరికేవి, ఒకరు దాచుకోగల నాణేలకు పరిమితి ఉండేది. అందువలన వాటికి విలువ లేకుండా పోయి, స్టోన్ ఆఫ్ జోర్డాన్ అనే ఉంగరం నాణెంగా చెలామణి అయింది. కొందరు ప్రోగ్రాములోని లొసుగులను కనిపెట్టి ఆ ఉంగరానికి దొంగ నకళ్ళు పుట్టించగా దాని విలువా పడిపోయింది. తరువాత రూన్‌లు అనే మంత్రాక్షర శిలలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. దొంగనోట్లు, ద్రవ్యోల్బణం, ప్రత్యామ్నాయ నాణెం అనే అర్థశాస్త్ర పాఠాలన్నీ ఇందులో కనిపిస్తాయి. ఆట వెలుపల అసలు డబ్బుకు వస్తువులు అమ్మేవారు, మోసపోయేవారు కూడా ఉండేవారు.

ఈ మోసాలను అరికట్టాలనే ఉద్దేశంతో బ్లిజార్డ్ సంస్థ మూడవ భాగంలో తానే వేలంశాలను నెలకొల్పింది. ఒక వేలంశాలలో ఆట నాణేలతోను, 2012 జూన్‌లో తెరచిన మరొకదానిలో అసలు డబ్బుతోను వస్తువులను కొనవచ్చు, అమ్మవచ్చు. ఫలితం ఊహించినట్లు రాలేదు. రాక్షసులను చంపి పొందే వస్తువు కంటే మంచిది వేలంశాలలో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఆటగాళ్ళు యుద్ధం మాని ధరల పట్టికలు చూడసాగారు. కావలసినది కొనుక్కొన్న తరువాత ఆడటానికి కారణం మిగలలేదు. వేలంశాలలు ఆటకు హాని చేశాయని 2013లో ఆ ఆట మాజీ దర్శకుడు జే విల్సన్ ఒప్పుకొన్నాడు. 2014 మార్చి 18న వాటిని మూసివేశారు. అదే కాలంలో వస్తువులు రాలే పద్ధతిని సవరించి, గొప్ప వస్తువులు తరచుగా దొరికేట్లు, అయితే అవి చాలావరకు ఇతరులకు అమ్మ వీలులేనట్లు చేశారు. దానితో ఆట తిరిగి ఆదరణ పొందింది.

ఈ ఉదంతం వలన ఒక విషయం తేటతెల్లమయింది. వస్తువు విలువ దాని బలంలో కన్న, అది తనకు దొరికిన తీరులో ఎక్కువగా ఉంది. మార్కెట్టులో కొన్న బుట్టెడు మామిడిపళ్ళ కంటే తోటలో రాయి విసిరి రాల్చిన ఒక్క కాయ పిల్లలకు ఎందుకు రుచిగా ఉంటుందో, ఇదీ అందుకే.

హైదరాబాదుతో సంబంధం

హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించాడు. మైక్రోసాఫ్ట్ సంస్థ హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రాన్ని నెలకొల్పినది కూడా 1998లోనే. డయాబ్లో రెండవ భాగం అప్పటికి ఇంకా తయారీలో ఉంది. ఆ సంస్థే 2022 జనవరిలో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను సుమారు 6,870 కోట్ల డాలర్లకు కొనబోతున్నట్లు ప్రకటించి, 2023 అక్టోబరు 13న కొనుగోలు పూర్తిచేసింది. ఆ విధంగా గచ్చిబౌలిలో విశాలమైన ప్రాంగణం గల సంస్థకే డయాబ్లో యాజమాన్యం దక్కింది.

ఈ ప్రాంతం ఆటల తయారీకి కూడా స్థావరమయింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి అంతర్జాతీయ సంస్థలు హైదరాబాదులో తమ కేంద్రాలను నెలకొల్పాయి. భారతదేశంలోని ఆటల రూపకర్తల వార్షిక సమావేశం హైదరాబాదులో పలుమార్లు జరిగింది.

వీటికంటే ముఖ్యమైనది, ఈ ప్రక్రియలో హైదరాబాదులోనే ఒక ఆట రూపొందటం. జైనుద్దీన్ ఫహద్ స్థాపకులలో ఒకరైన ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న సంస్థ 2017లో అసుర అనే ఆటను విడుదల చేసింది. ఇది పైనుండి చూసే కోణంలో సాగే పోరాట ఆట. దీని నేపథ్యం భారతీయ పురాణ ప్రపంచం. రోగ్ సంప్రదాయంలో వలె ఇందులో వీరుడు మరణిస్తే మళ్ళీ మొదలుపెట్టాలి. ఇందులోని ప్రత్యేకత విద్యల వృక్షం. మామూలుగా ఇటువంటి ఆటలలో ఏ విద్య తరువాత ఏది నేర్వవచ్చునో ముందే నిర్ణయమై ఉంటుంది. అసురలో ఆ వృక్షం ఆడిన ప్రతిసారీ కొత్తగా అమరుతుంది. డయాబ్లో యాదృచ్ఛికతను చేతికి దొరికే వస్తువులో ఉంచితే, అసుర దానిని నేర్చుకొనే విద్యలో కూడా ఉంచింది. ఇదే సూత్రాన్ని మరొక చోట నాటవచ్చునని ఈ ఆట చూపింది.

ప్రభావం

డయాబ్లో అడుగుజాడలలో అనేక ఆటలు వచ్చాయి. 2006లో టైటాన్ క్వెస్ట్, 2009లో షేఫర్ సోదరులు పాలుపంచుకొన్న టార్చ్‌లైట్, 2013లో న్యూజిలాండ్ నుండి పాత్ ఆఫ్ ఎక్సైల్ వీటిలో ముఖ్యమైనవి. 2009లో వచ్చిన బోర్డర్‌లాండ్స్ ఇదే పద్ధతిని తుపాకుల ఆటలో ప్రవేశపెట్టింది. వస్తువుల అరుదుతనాన్ని రంగులతో సూచించే పద్ధతి నేడు ఎన్నో చరవాణి ఆటలలో కనిపిస్తుంది.

విమర్శలు

ఈ ఆకర్షణకు మరొక ముఖం ఉంది. దొరుకుతుందో లేదో తెలియని వస్తువును డబ్బు పెట్టి కొనమనే పద్ధతి, అనగా తాళం వేసిన పెట్టెను విప్పకుండానే అమ్మటం, 2010ల దశకంలో విస్తరించింది. 2018లో బెల్జియం ఇటువంటి పెట్టెలను జూదంగా పరిగణించింది. డబ్బు చెల్లించి అరుదైన రత్నాల అవకాశాన్ని పెంచుకొనే వీలున్నందుకు డయాబ్లో ఇమ్మోర్టల్ తీవ్ర విమర్శలకు గురయింది. ఆ ఆటను బెల్జియం, నెదర్లాండ్స్ దేశాలలో విడుదల చేయలేదు.

తెలంగాణ ప్రభుత్వం 2017లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి రమ్మీతో సహా డబ్బు పందెంతో ఆడే అంతర్జాల ఆటలను నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ఇదే మార్గం అనుసరించింది. 2025లో భారత పార్లమెంటు ఆమోదించిన అంతర్జాల ఆటల చట్టం డబ్బు ఆటలను నిషేధిస్తూ, పందెం లేని ఆటలను, ఇ-క్రీడలను వేరుచేసి చూసింది. మొదటి రెండు డయాబ్లో భాగాల వంటి ఆటలలో ఆటగాడు పందెం కాసేది డబ్బును కాదు, కాలాన్ని.

కాలం కూడా చిన్న పందెం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. ఇది 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. ఎక్కువ గంటలు ఆడినంత మాత్రాన రుగ్మత ఉన్నట్లు కాదు. ఆటపై అదుపు తప్పటం, ఇతర పనులకంటే ఆటకే ప్రాధాన్యం పెరగటం, హాని జరుగుతున్నా మానలేకపోవటం, వీటివలన చదువు, ఉద్యోగం, కుటుంబ జీవితం దెబ్బతినటం, సాధారణంగా 12 నెలలపాటు ఈ స్థితి కొనసాగటం దీని లక్షణాలు. పైన చెప్పిన సంభావ్యత లెక్క తెలిసిన విద్యార్థికి ఇంకొక్కసారి ఆడితే తప్పక దొరుకుతుందన్న భావన ఎంత నిరాధారమో సులభంగా తెలుస్తుంది.

విశేషాలు

మొదటి భాగం చివర వీరుడు డయాబ్లోను సంహరించి, ఆ రాక్షసుని ఆత్మ గల శిలను తన నుదుటిలోనే గుచ్చుకొంటాడు. దానిని తాను అదుపులో ఉంచగలనని అతని నమ్మకం. రెండవ భాగం మొదలయ్యేసరికి ఆ రాక్షసుడే అతనిని లొంగదీసుకొని ఉంటాడు.

ట్రిస్ట్రమ్ పల్లెలో వినిపించే గిటారు సంగీతాన్ని మాట్ ఉల్మెన్ సమకూర్చాడు. తరువాతి భాగాలలో కూడా ఈ బాణీ వినిపిస్తుంది.

రెండవ భాగంలో హార్డ్‌కోర్ అనే కఠిన పద్ధతి కలదు. ఇందులో వీరుడు ఒకసారి మరణిస్తే, సంవత్సరాల తరబడి సేకరించిన వస్తువులతో సహా శాశ్వతంగా పోయినట్లే. అయినప్పటికీ కావాలని ఈ పద్ధతినే ఎంచుకొనేవారున్నారు.

రెండవ భాగపు అనుబంధంలో 33 రూన్‌లు ఉన్నాయి. వీటిలో చివరిదైన జోడ్ ఎంత అరుదైనదంటే, ఏళ్ళ తరబడి ఆడినవారిలో కూడా ఇది ఒక్కసారైనా తమకు రాలనివారు ఉన్నారు.